చిల్లచెట్లను బత్తాయి తోటలని రాసిన వేసవి

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొదట్లో అది చిన్నదే. పటం మీద ఏడు చుక్కలు. కానీ ఆ ఏడు చుక్కలూ నాతోపాటే పెరిగాయి. నా ఉద్యోగంతో, నా పేరుతో, నన్ను నలుగురూ మెచ్చుకునే మాటలతో కలిసి పెరిగి, ఇప్పుడు అన్నం ముందు కూర్చున్నా అవే కళ్ళ ముందు ఉంటున్నాయి. నా భార్యకు చెప్పలేదు. మా నాయనకు చెప్పకముందే ఆయన పోయాడు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ చెప్పే ధైర్యమే ఉంటే ఇది ఇన్నేళ్ళు ఆగేది కాదు.

నా పేరు ఇక్కడ రాయను. ఆ ఊరి పేరూ రాయను. హనుమంతునిపాడు వైపు, మెట్ట పొలాల మధ్య ఉన్న ఊరు. అంతవరకు చాలు.

మాది మార్కాపురం. దుకాణం నడుపుకుని బతికిన కుటుంబం. సెంటు పొలం లేదు. పొలం గురించి నాకు తెలిసిందంతా కాలేజీలో నేర్చుకున్నదే, అదీ ఉపగ్రహం తీసిన చిత్రాల్లో చూసి నేర్చుకున్నదే. చదువు అయ్యాక నీటి లెక్కల ప్రాజెక్టు ఒకదానిలో చేరాను. ఉపగ్రహం కొన్ని రోజులకొకసారి మన ఊళ్ళ మీదుగా పోతుంది. పోతూ చిత్రం తీస్తుంది. ఎండాకాలంలో ఎక్కడ పచ్చగా ఉందో చూస్తే ఎక్కడ నీళ్ళు పారుతున్నాయో తెలుస్తుంది. ఎక్కడ బోర్లు ఎక్కువగా తోడుతున్నారో, ఏ ఊరు ఏ నెలకు ఎండిపోతుందో ముందే అంచనా వేయొచ్చు. దాన్నిబట్టి ట్యాంకర్లు ఏ ఊళ్ళకు పంపాలో, చెక్‌డ్యాములు ఎక్కడ కట్టాలో పెద్దవాళ్ళు నిర్ణయిస్తారు. కరువు వచ్చాక పరిగెత్తడం కాదు, రాకముందే సిద్ధంగా ఉండాలి అనేవారు మా సార్. ఆ మాట నాకు చాలా నచ్చేది. ఇప్పటికీ నచ్చుతుంది.

అయితే పైనుంచి తీసిన చిత్రానికి అన్నీ తెలియవు. పచ్చగా ఉందని చెబుతుంది గాని అది మిరపో, కందో, తోటో, ఉత్త ముళ్ళకంపో చెప్పలేదు. అందుకని పటం మీద కొన్ని చుక్కలు పెట్టి, మనిషిని ఆ చోటికి పంపుతారు. అక్కడ నిలబడి, చూసి, ఫొటో తీసి, ఏముందో రాయాలి. దాన్ని మా పనిలో గ్రౌండ్ ట్రూత్ అంటారు. నేల మీది నిజం. ఆ పని నాది.

ఆ ఏడాది వానలు లేవు. ఏప్రిల్‌కే గాలి కాలుతోంది. గిద్దలూరు, మార్కాపురం చుట్టుపక్కల వందల చుక్కలు తిరిగాను. అవన్నీ నిజంగానే తిరిగాను. ఈ మాట ఎందుకు చెప్పుకుంటున్నాను? మిగతావి సరిగ్గా చేశానంటే ఈ ఏడూ చిన్నవైపోతాయనా? పోవు. నాకు తెలుసు.

చివరికి ఏడు చుక్కలు మిగిలాయి. ఏడూ ఆ ఊళ్ళోనే. మరుసటి రోజు లెక్కలు పంపాలి. మధ్యాహ్నం బండి మీద బయలుదేరాను. దారిలో ఒక హోటల్ దగ్గర ఆగాను. లోపల కూలర్ తిరుగుతోంది. టీవీలో క్రికెట్ వస్తోంది. అదీ కొత్త ఆట కాదు, ఎప్పుడో అయిపోయిన ఆటను మళ్ళీ వేస్తున్నారు. ఎవరు గెలుస్తారో నాకు ముందే తెలుసు. అయినా కూర్చున్నాను. ఇంకో ఓవర్, ఇంకో ఓవర్ అనుకుంటూ ఎండ తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను.

నాకు జ్వరం లేదు. బండి చెడిపోలేదు. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఏదో ఒక కారణం ఉండి ఉంటే బాగుండునని ఈ ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు వెతికానో. దొరకలేదు.

అక్కడే బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి చిత్రం చూశాను. మా తెర మీద చెట్ల పచ్చదనం ఎర్రగా కనిపిస్తుంది, రంగులు అలా మార్చి చూస్తాం. ఆ ఊరి చెరువు పక్కన, వాగు వెంట, దాని పైన పొలాల్లో దట్టమైన ఎరుపు. ఏడు చుక్కలూ అందులోనే పడ్డాయి. ఇంత ఎండలో ఇంత ఎరుపు ఉందంటే నీళ్ళు పెడుతున్న తోటే అనుకున్నాను. గిద్దలూరు దగ్గర బత్తాయి తోటలు సరిగ్గా ఇలాగే కనిపించాయి. చిల్లచెట్టు, అదే సర్కారు తుమ్మ, అది కూడా వేసవిలో పచ్చగానే ఉంటుంది. ఎవరూ నీళ్ళు పెట్టనక్కర్లేదు, వేళ్ళు ఎంత లోతుకైనా పోతాయి. బీడుపడిన పొలాన్ని రెండు మూడేళ్ళలో ముళ్ళతో కమ్మేస్తుంది. ఈ సంగతి నాకు తెలియదని చెప్పను. తెలుసు. ఆ హోటల్లో కూర్చున్నప్పుడే ఒక్క క్షణం ఆ అనుమానం వచ్చింది. వచ్చి పోయింది. పోనిచ్చాను.

ఏడింటికీ బత్తాయి తోట అని రాశాను. ఫొటోలు కావాలి కదా. వారం కిందట గిద్దలూరు వైపు తీసిన ఫొటోలు ఫోనులో ఇంకా ఉన్నాయి. అందులోంచి ఏడు తీసి పెట్టాను. ఫొటో ఏ చోటిదో చెప్పే అక్షాంశ రేఖాంశాల అంకెలు అప్పట్లో మేమే టైపు చేసేవాళ్ళం. ఆ ఊరి అంకెలు టైపు చేశాను. బద్ధకం అక్కడితో అయిపోయింది. ఫొటోలు మార్చడం బద్ధకం కాదు, మోసం. ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో ఆ హోటల్ బల్ల దగ్గర నాకు స్పష్టంగా తెలుసు. దాటాను.

ఏడు చుక్కలతో ఏమవుతుందని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ కంప్యూటర్ ఆ చుక్కలను చూసే నేర్చుకుంటుంది. ఇది తోట అని మనిషి చెబితే, అలాంటి ఎరుపు ఆ చుట్టుపక్కల ఎక్కడున్నా తోట అనే అనుకుంటుంది. ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి బీడుపడి, చిల్ల మొలిచిన పొలాలన్నీ పటం మీద తోటలైపోయాయి. తోటలుంటే బోర్లున్నట్టు. బోర్లుంటే నీళ్ళున్నట్టు. ట్యాంకర్లు పంపాల్సిన ఊళ్ళ జాబితాలో ఆ ఊరి పేరు లేకుండా పోయింది.

మే మొదట్లో మార్కాపురంలో మీటింగు జరిగింది. ఆ ఊరితో కలిపి మూడు ఊళ్ళ వ్యవసాయం చూసే ఉద్యోగి ఒకామె వచ్చింది. ఆమెను సుజాత అంటాను, అసలు పేరు వేరే. నా ఈడుదే. కాంట్రాక్టు ఉద్యోగం. రోజూ ఆ ఊళ్ళలో తిరిగే మనిషి. జాబితా చదవడం అయ్యాక ఆమె లేచి నిలబడింది. ఆ రోజు అక్కడ నడిచిన మాటలు నాకు ఒక్కటి కూడా మరుపు రాలేదు.

"సార్, మా ఊరు లిస్టులో లేదు. బోర్లన్నీ ఎండిపోయినాయి. ఉండే ఒక్క చేతిపంపులో ఫ్లోరైడు నీళ్ళు, పప్పు గూడా ఉడకదు సార్. ఆ నీళ్ళు తాగి పిల్లోళ్ళ పండ్లు పచ్చబడుతుండాయి."

సార్ తెర మీద ఊరి పటం పెట్టించారు. "ఇంత తోట ఉంది గదమ్మా. నీళ్ళు లేకనే కాస్తుండాయా బత్తాయిలు?"

ఎవరో నవ్వారు.

"అవి తోటలు గాదు సార్. చిల్లచెట్లు. చెరువులో, బీళ్ళల్లో అంతా అదే. మా ఊర్లో బత్తాయి చెట్టు ఒక్కటి గూడా లేదు."

సార్ నా వైపు తిరిగారు. "నువ్వే గదా పోయింది? కండ్లతో చూసినావా?"

"చూసినాను సార్. తోటలే."

సుజాత నన్ను అప్పుడు చూసింది. "ఏ దారిన వచ్చినావన్నా ఊర్లోకి?"

"మెయిన్ రోడ్డు దిగి నేరుగా."

"వాగు మీద కల్వర్టు కొట్టుకపోయి రెండేండ్లాయె. ఆ దారిన బండి రాదు సార్. చుట్టూ తిరిగి..."

"ఇంక చాలమ్మా," అన్నారు సార్. "పైనుంచి తీసిన బొమ్మ అదే చెప్తుంది. పోయి చూసిన మనిషీ అదే చెప్తుండాడు. నువ్వు ఒక్కదానివే వేరే చెప్తుండావు. ఊరోళ్ళు చెప్పిందల్లా రాసుకొస్తే ఎట్ల?"

ఆమె కూర్చోలేదు. నన్నే చూస్తూ నిలబడింది. కోపంగా కాదు. ఎదురుచూస్తున్నట్టు. ఇప్పుడైనా నోరు విప్పుతానని ఎదురుచూసిందని నాకు అర్థమైంది. ఎంతసేపు? నాలుగైదు క్షణాలు ఉంటుందేమో. "సార్, నేను పోలేదు" అనడానికి అంతసేపు కూడా పట్టదు. నేను తల వంచుకుని ల్యాప్‌టాప్ మూత వేసుకున్నాను.

తప్పుడు రిపోర్టు ఇచ్చిందని సార్ వాళ్ళ ఆఫీసుకు రాసి ఆమెకు మెమో ఇప్పించారు. జూన్‌లో కాంట్రాక్టు అయిపోతే మళ్ళీ తీసుకోలేదు.

ఇక ఆ ఊరి సంగతి. తాగే నీళ్ళ కోసం ఆడవాళ్ళు మైలు దూరంలో ఉన్న పాత బావికి పోయేవాళ్ళు. అడుగున కొంచెం ఊట. చేద వేస్తే మునగదు. అందుకని లోపలికి దిగి, చెంబుతో తోడి బిందె నింపుకుని పైకెక్కాలి. మెట్లు సగం ఊడిపోయాయి. కోటమ్మ అని, నలభై ఏళ్ళ మనిషి, నాలుగెకరాల కంది చేను, కొన్ని గొర్రెలు ఉన్న ఇల్లాలు. మే నెల మూడో వారంలో ఒక పొద్దున నిండు బిందెతో పైకి ఎక్కుతుంటే కాలి కింద రాయి జారింది. వెన్నెముక విరిగింది. ప్రాణం పోలేదు. నడుము కింద భాగం చచ్చుబడిపోయింది.

పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. మా నాయన దుకాణంలో కూర్చుని చదివాను. ఊరి పేరు చూశాను. మళ్ళీ చూశాను. పేపరు మడిచి పక్కన పెట్టాను. ఏమైంది రా, ముఖం అట్ల పెట్టినావు అని నాయన అడిగాడు. ఏం లేదు, ఉక్కగా ఉంది అన్నాను.

రెండో రోజు ఆ ఊరివాళ్ళు ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు. మళ్ళీ పోయి చూసి రావాలని పైనుంచి ఫోన్లు వచ్చాయి. "నేనే పోతాను సార్" అన్నాను. పశ్చాత్తాపంతో అన్నానని మీరు అనుకోవద్దు. వేరేవాళ్ళు పోతే నేను పోలేదని బయటపడుతుందని భయం. అంతే.

అప్పుడు మొదటిసారి ఆ ఊరు చూశాను. వాగు దగ్గర కల్వర్టు ముక్కలు బోర్లా పడి ఉన్నాయి. వెనక్కి తిరిగి చుట్టుదారిన పోయాను. ఏడు చోట్లా నిలబడ్డాను. ఏడు చోట్లా చిల్ల కంప. చొక్కా చిరిగింది, చేతులు గీరుకుపోయాయి. మధ్యమధ్యలో ఎండిన బోర్ల గొట్టాలు, పిల్లలు పడకుండా వాటి మీద పెట్టిన బండరాళ్ళు. ఒక మనిషి ఇక్కడికి ఒక్కసారి వచ్చి, దూరంగా నిలబడి ఒక్క చూపు చూసినా చాలు. తోట అని ఎవరూ రాయలేరు.

నిజం రాశాను. కానీ ఎలా రాశాను? దూరం నుంచి తీసిన చిత్రంలో చిల్లచెట్లు, పళ్ళ తోటలు ఒకేలా కనిపించినందువల్ల పొరపాటు జరిగిందని రాశాను. తప్పంతా ఆకాశం మీదికి తోసేశాను. మొదటి ఫొటోల సంగతి సార్ అడగలేదు. అడిగి ఉంటే, సుజాతకు మెమో ఎందుకు ఇప్పించారో ఆయనా చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ మెమోను అలాగే ఉండనిచ్చాం. ఇద్దరికీ అర్థమైంది.

నాలుగు రోజుల్లో ట్యాంకర్లు వచ్చాయి. నెలాఖరున ఊరివాళ్ళు నన్ను పిలిచి భుజాల మీద టవలు కప్పారు. కప్పించుకున్నాను. తర్వాత కోటమ్మ ఇంటికి తీసుకుపోయారు. ఆసుపత్రి నుంచి తెచ్చి రెండు రోజులే, వసారాలో మంచం మీద పడుకుని ఉంది. భర్త ఎల్లయ్య ఆమె తల కింద దిండు సర్ది, నీళ్ళు తెప్పించిన సారు ఈయనే అని చెప్పాడు. ఆమె చేతులు జోడించబోయింది. నేను వద్దన్నాను.

"నువ్వొచ్చి చూడబట్టి నీళ్ళొచ్చినాయి నాయనా," అంది. "ఇంకొంచెం ముందుగా వచ్చింటే బాగుండు."

ఆమెకు ఏమీ తెలియదు. మామూలుగా అన్న మాట. నేను తల ఊపాను. ఇంకొంచెం ముందుగా వచ్చి ఉంటే.

అసలు సిగ్గుపడాల్సింది ఆ తర్వాత జరిగిన దానికి. మా ప్రాజెక్టువాళ్ళకు ఈ కథ నచ్చింది. యంత్రం పొరపడింది, మనిషి పోయి సరిదిద్దాడు. ఒంగోలులో చెప్పమన్నారు. కర్నూలులో చెప్పమన్నారు. రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ణి, తోట ఒకవైపు, చిల్ల ఒకవైపు. యంత్రాన్ని గుడ్డిగా నమ్మకండి, నేల మీదికి దిగండి, ఊరిని చూస్తున్న మనిషి మాట వినండి అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాణ్ణి. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. చెబుతున్నవాడే అబద్ధం. నాకు పై ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మా పటాలు చిల్లనూ తోటనూ విడదీసి చూపిస్తాయి, ఏ వాగు మీద చెక్‌డ్యాము కడితే ఏ బావిలో నీళ్ళు పెరుగుతాయో చెబుతాయి. కొన్ని ఊళ్ళలో నిజంగానే పెరిగాయి. వాటిని చూసినప్పుడల్లా లోపల ఎవరో చెల్లుకు చెల్లు అనేవాడు. ఎవరికి చెల్లు? మంచం మీదున్న మనిషికా?

కోటమ్మ నాలుగేళ్ళు మంచంలో ఉంది. చివర్లో వీపంతా పుండ్లు పడ్డాయట. ఎల్లయ్య గొర్రెలు అమ్మేశాడు, చేను కౌలుకిచ్చి ఇంట్లోనే ఉండిపోయాడు. ఆమెకు చెప్పేద్దామని ఒకసారి బయలుదేరాను. పళ్ళు కొనబోతే బండి నిండా బత్తాయిలు. చెయ్యి వెనక్కి తీసుకుని అరటిపళ్ళు కొన్నాను. ఇంటికి పోతే, ట్యాంకర్లు తెప్పించిన సారు అని ఆమె పక్కింటివాళ్ళను పిలిచి మరీ నన్ను చూపించింది. పళ్ళు మంచం పక్కన పెట్టాను. చెప్పకుండానే వచ్చేశాను. మరుసటి ఏడు ఆమె పోయిందని తెలిసింది. చావుకు పోలేదు.

పోయిన నెల మార్కాపురంలో శిక్షణ తరగతి. అదే కథ, అవే రెండు చిత్రాలు. అయిపోయాక ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది. "సార్, మొదటిసారి ఆ ఊరికి ఎవరు పోయినారు?"

ఎనిమిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. "ఎవరో ఒకతను. తర్వాత మానేసి పోయినాడు" అన్నాను.

లేని మనిషిని పుట్టించి, నా తప్పు అతని నెత్తిన పెట్టాను. అంత తేలిగ్గా. అంత అలవాటుగా. ఆ అమ్మాయి ఆ జవాబును పుస్తకంలో రాసుకుంది. అది చూశాక తరగతి అక్కడితో ముగించేశాను.

ఇంటికి వచ్చి ఉత్తరం రాశాను. మా ఆఫీసుకు, సుజాత పనిచేసిన ఆఫీసుకు. నా పేరు, ఆ ఊరి పేరు, ఏడు చుక్కల అంకెలు, ఫొటోలు ఎక్కడివో, మీటింగులో ఏమన్నానో, అన్నీ. ఆమె రాసిన రిపోర్టే నిజమని రాశాను. అది పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ గిద్దలూరు పోయాను. ఎరువులు, విత్తనాల దుకాణంలో పనిచేస్తోంది. జుట్టు కొంచెం నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. కూర్చోమనలేదు.

చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు ఆమె.

"నాకు తెలుసన్నా," అంది. "నువ్వు రోడ్డు దిగి నేరుగా వచ్చినానన్నప్పుడే తెలుసు. ఇప్పుడెందుకు చెప్తుండావు? నీ బరువు దించుకునేదానికా?"

అవుననాలా, కాదనాలా? ఉత్తరం చేతికిచ్చాను. నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది.

"ఇందులో కోటమ్మత్త ఏదీ?"

లేదు. అంత రాసిన నేను ఆమె పేరు రాయలేదు. కావాలని వదిలేశానా? రాస్తున్నప్పుడు గుర్తు రాలేదా? ఇప్పటికీ నన్ను నేను అడుగుతున్నాను. ఆ దుకాణం బల్ల మీదే, ఆమె ఇచ్చిన పెన్నుతో రెండు ప్రతుల్లోనూ రాశాను. ట్యాంకరు రాకపోవడానికి కారణం నేను. ట్యాంకరు రానందుకే కోటమ్మ బావిలోకి దిగింది. సంతకం పెట్టాను.

"ఇట్ల ఇయ్యి," అంది. రెండు ప్రతులూ తీసుకుంది. "ఆఫీసుల్లో నేనే ఇస్తా. నువ్వు ఇస్తావనే నమ్మకం నాకు లేదు."

అప్పుడే ఎవరో రైతు కంది విత్తనాలు అడుగుతూ వచ్చాడు. ఆమె అటు తిరిగింది. నేను బయటికి వచ్చాను.

రెండు రోజుల తర్వాత ఫోనుకు ఫొటోలు వచ్చాయి. ఆఫీసు ముద్రలు పడిన నా ఉత్తరాలు. ఒక్క మాట కూడా రాయలేదు ఆమె. ఇక ఏం జరుగుతుందో తెలియదు. ఉద్యోగం పోవచ్చు. ఏమీ జరగకపోనూవచ్చు, ఉత్తరం ఏ అరలోనో పడి ఉండొచ్చు. ఎల్లయ్యకు ఎవరో చెప్పే ఉంటారు. నేను పోయి ఆయన ముందు నిలబడాల్సింది ఇంకా ఉంది. నిలబడతానా? మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీకు ఇప్పుడు తెలుసు.

ఎవరూ నన్ను క్షమించలేదు. క్షమించాల్సిన మనిషి లేదు. నేను అడగనూ లేదు. కానీ ఎనిమిదేళ్ళు గొంతులోనే ఉండిపోయిన మాటలు ఇప్పుడు కాగితం మీద ఉన్నాయి, ఎవరైనా చదవొచ్చు. నేను ఆ ఊరికి పోలేదు. అక్కడ ఏముందో చూడలేదు. చూశానని చెప్పాను.